అల్లుడికి వినపడని టకటక

మార్చి 2, సోమవారం

ఉదయం 6:40. బయట 5 డిగ్రీలు. కొత్త నోటుపుస్తకం, మొదటి పేజీ.

కారు వయసు ఏడు నెలల పదకొండు రోజులు. తిరిగింది 4,316 కిలోమీటర్లు. శబ్దం మొదటిసారి విన్నది ఫిబ్రవరి 19, గురువారం, మార్కెట్టు వాలు దిగుతూ. ఇంజను వైపు నుంచి, కొంచెం కుడిగా. టక, టక, టకటకటక. పరీక్ష హాల్లో ఏమీ చదవకుండా వచ్చిన పిల్ల పెన్సిలుతో బల్ల కొడుతున్నట్టు.

నిన్న ఆదివారం భోజనానికి నా కూతురు నిల్దా, అల్లుడు లింబెర్ట్, పదేళ్ళ మనవరాలు దానిత్సా వచ్చారు. లింబెర్ట్ ఇరవై రెండేళ్ళుగా లా పాస్ వీధుల్లో మినీబస్సు నడుపుతున్నాడు. సూప్ చల్లారేలోపు నా కారు రెండు చుట్లు తిప్పి తెచ్చి, తాళాలు బల్ల మీద పెట్టాడు.

“అత్తయ్యా, బండి బంగారం. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.”

“ఉంది.”

“ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకుందాం. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, తప్పేముంది?”

నిల్దా నెమ్మదిగా మాట్లాడింది. తను నెమ్మదిగా మాట్లాడుతోందంటే విషయం ముందే తేల్చుకుని వచ్చిందని అర్థం.

“పదిహేను రోజులు చూద్దామమ్మా. ఆ చప్పుడు ఇంకొక్కరికి వినపడినా సరే, నీ మాటే నిజం. లేదంటే తాళాలు మా ఇంట్లో ఉంటాయి. నువ్వెక్కడికెళ్ళాలన్నా ఈయన తీసుకెళ్తాడు.”

లింబెర్ట్ తీసుకెళ్ళడమంటే పద్నాలుగు మంది ప్రయాణికుల మధ్య, ఒడిలో ఎవరిదో బంగాళాదుంపల మూట పెట్టుకుని వెళ్ళడం. అరవై అయిదో ఏట నేను డ్రైవింగు నేర్చుకున్నది అందుకు కాదు.

గడువు మార్చి 16. ముప్పై ఒక్క ఏళ్ళు బాలికల పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. కారణం నేనే కనుక్కుంటాను. నియమాలు:

1. రోజుకు ఒక్క కారణమే పరీక్షించాలి.
2. ఎవరి అభిప్రాయమూ అడగకూడదు.
3. ఋజువు లేకుండా ఎవరి మీదా నింద వేయకూడదు.

పెన్సిళ్ళు మూడు చెక్కాను. చాలా ఉత్సాహంగా ఉంది.

మార్చి 3, మంగళవారం

పరీక్షించిన కారణం: కారులోని వదులు సామాను.

తీసినవి: గొడుగులు 2, చెంచా 1, జపమాల 1, దానిత్సా చేతి తొడుగు (ఎడమది), పోయిన వారం ఎండిపోయిన రొట్టె సగం.

6:45కి శబ్దం ఉంది. 12:30కి లేదు. పొద్దున బండి కదలకుండా ఇంజను మాత్రం నడిపినప్పుడూ ఉంది. అంటే చక్రాలది కాదు.

ఒక్క రోజులో ఇంత దూరం వచ్చాను. షోరూం వాళ్ళు నన్ను ఉద్యోగంలోకి తీసుకోవచ్చు.

మార్చి 4, బుధవారం

6:45. 3 డిగ్రీలు మాత్రమే. శబ్దం నిన్నటికంటే ఎక్కువ. ఎర్రదీపం దగ్గర ఇరవై సెకన్లకు 61 టకటకలు లెక్కపెట్టాను. వెనక బస్సువాడు హారన్ కొట్టడం వల్ల 62వది తప్పింది.

మధ్యాహ్నం, 17 డిగ్రీలు: సున్నా.

చలి పెరిగితే శబ్దం పెరుగుతుంది. ఎండ వస్తే పోతుంది. చల్లటి ఇంజను దోషం. పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఫలితం. గీత గీసి పట్టిక వేశాను, రెండు రంగుల్లో.

మార్చి 5, గురువారం

ఉదయం 11:00. యూఫ్రోనియా వచ్చింది. నిల్దాకు బాప్తిస్మమప్పటి జ్ఞానతల్లి, నాకు వదిన వరుస. ముప్పై ఏళ్ళు నర్సుగా రాత్రి డ్యూటీలు చేసింది కాబట్టి, పింఛను వచ్చినప్పటి నుంచి పదింటికి ముందు లేవనని ఒట్టు పెట్టుకుంది. కాబట్టి ఉదయపు శబ్దానికి సాక్షిగా పనికిరాదు.

నేను ఏమీ అడగలేదు. బానెట్ ఎత్తి ఉండటం చూసి తనే వెళ్ళి స్టెతస్కోపు తెచ్చుకుంది.

“ఇంజను ఆన్ చెయ్యి వదినా. ఊపిరి పీల్చమను.”

“అది కారు.”

“తెలుసులే. నువ్వు జరుగు.” చాలాసేపు విన్నది. “గుండె బాగుంది. ఊపిరితిత్తుల్లో కాస్త తేమ.”

“టకటక ఉందా?”

“లేదు. కానీ నువ్వుందంటే ఉంటుంది. నాకు తెలిసి నువ్వు అబద్ధమాడింది ఒక్కసారే, అదీ నా పెళ్ళి కేకు బాగుందని.”

నియమం 2లో అడగకూడదని ఉంది. ఎవరైనా తమంతట తాము స్టెతస్కోపు తెస్తే ఆపాలని లేదు. నియమం చెక్కుచెదరలేదు.

మార్చి 6, శుక్రవారం

షోరూం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు రమ్మన్నారు. పొట్టి చేతుల చొక్కా వేసుకున్న అబ్బాయి, నాలుగు కిటికీలూ దించుకుని, ఈల వేస్తూ పది నిమిషాలు తిప్పాడు. కాగితం మీద “శబ్దం లేదు” అని రాసి ఇచ్చాడు.

దాని కింద “మీరు ఉండగా” అని చేర్చి సంతకం పెట్టాను.

“మేడమ్, అలా రాయకూడదండి.”

“ఎందుకు రాయకూడదు? అబద్ధమా?”

ఆలోచించి, కాదన్నాడు. మంచి పిల్లవాడు.

మార్చి 7, శనివారం

నియమం 2 గురించి. అభిప్రాయం అడగడం వేరు, సమాచారం సేకరించడం వేరు. ఈ రోజు సేకరించినది:

రొట్టెల దుకాణం పాస్కువాలా: ఎలుక. వాళ్ళ బావగారి జీపులో అయిదు పిల్లలు పెట్టిందట.
వీధి కాపలాదారు: ఊడిన మర.
మందుల షాపు అమ్మాయి: పెట్రోలులో నీళ్ళు.
చర్చి ఫాదర్: ముందు ప్రార్థన చేసుకోండి, తర్వాత బోల్టులు బిగించండి.
యూఫ్రోనియా (మళ్ళీ): ఉబ్బసం.
ఫోనులో నా చెల్లెలు: కారు అమ్మెయ్.

ఆరింటినీ ఒకే రోజు పరీక్షించాను, అమ్మడం తప్ప. నియమం 1 విషయంలో: ఆరు కారణాలనూ కలిపి ఒకే కారణంగా తీసుకుంటే ఉల్లంఘన లేదు.

పాస్కువాలా ఎలుక కోసమని ఇంజను పక్కన జున్నుముక్క పెట్టింది. సాయంత్రానికి కరిగింది. ఇప్పుడు శబ్దంతోపాటు వాసన కూడా.

మార్చి 8, ఆదివారం

లింబెర్ట్‌ను ఉదయం ఆరున్నరకే రప్పించాను. 4 డిగ్రీలు. ఇంజను రాయిలా చల్లగా ఉంది. ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

ఎక్కగానే ముక్కు మూసుకుని కిటికీ దించాడు. ఇంజను వేయకముందే వేడిగాలి మీట ఆపేశాడు. “ఇది పెట్రోలు తాగేస్తుంది అత్తయ్యా. నా జన్మలో వేసి ఎరగను.” వాలు దిగాం, ఎక్కాం. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

“వినపడిందా?” అన్నాడు.

“లేదు.”

“నాకూ లేదు.”

“నాకు లేకపోవడం వేరు, నీకు లేకపోవడం వేరు.”

చల్లటి ఇంజను సిద్ధాంతం కూలింది. పట్టిక మీద అడ్డగీత కొట్టాను, రెండు రంగుల్లో. శబ్దం లింబెర్ట్‌కు భయపడుతోంది.

భోజనాల దగ్గర నోరు జారాను. తాళాలు చేజిక్కించుకోవడానికి అతనే ఏదో మర బిగించి, వెళ్ళేటప్పుడు వదులు చేసి పోతున్నాడని అన్నాను. నియమం 3.

లింబెర్ట్ చెంచా కింద పెట్టాడు. “మీ బండికి ఏం తక్కువైందో నేను చెప్పనా? కార్నివాల్ మంగళవారం ఊరంతా దీవెనకని బండ్లకి బీరు పోసింది. నేనూ సీసా పట్టుకొచ్చా. మీరు వెనక్కి పంపారు. పచమామ అలిగింది.”

“నేలతల్లికి అలగడానికి వేరే పనుల్లేవా?”

“అమ్మమ్మా, నాన్న మర తిప్పలేదు. నేను పక్కనే ఉన్నా” అంది దానిత్సా.

క్షమాపణ చెప్పాను. చెప్పినట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను, ఎందుకంటే లింబెర్ట్ వినలేదని అంటున్నాడు.

మార్చి 9, సోమవారం

వాన. కారు తీయలేదు. తడిలో వచ్చే ఫలితాలు నమ్మదగినవి కావు.

మార్చి 10, మంగళవారం

వాన లేదు. కానీ నిన్నటి తడి ఉండవచ్చు.

నియమాల సవరణ: అభిప్రాయం అడగవచ్చు, నమ్మకూడదు. నింద వేయవచ్చు, పైకి అనకూడదు. గడువుకు ఆరు రోజులు. “అపి” అనే వేడి మొక్కజొన్న జావ రెండు గ్లాసులు తాగాను. దానివల్ల ప్రయోజనం ఉందని చెప్పలేను, నష్టం మాత్రం లేదు.

మార్చి 11, బుధవారం

చెవుల డాక్టరు. వస్తానన్నాను, ఒక షరతు మీద: లింబెర్ట్ కూడా పరీక్ష చేయించుకోవాలి. పోల్చడానికి రెండో నమూనా లేనిదే ఏ ప్రయోగమూ చెల్లదు.

“నాకెందుకు అత్తయ్యా? బస్సు చివర్న నిలబడ్డవాడు గొణిగినా వినపడుద్ది నాకు.”

“అయితే మంచి మార్కులు వస్తాయి. కూర్చో.”

గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు గొట్టాలు తగిలించి, చప్పుడు వినగానే చెయ్యి ఎత్తమన్నారు. నావి: ఈ వయసుకు చాలా బాగున్నాయి. డాక్టరమ్మ “చాలా” కింద గీత గీసింది.

తర్వాత లింబెర్ట్. అద్దంలోంచి చూస్తున్నాను. చాలాసేపు అతని చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. ఏమీ మొదలవలేదేమో అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం మీటలు నొక్కుతూనే ఉంది.

బయటికి వచ్చి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. “హారన్లు. కిటికీ గాలి. ఇంకేముంది” అన్నాడంతే. బస్టాపు దాకా ఒక్క ఎగతాళి మాట లేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం నిల్దా ఫోను. “చెవులు బాగున్నందుకు సంతోషమమ్మా. కానీ చెవులు బాగుండి, లేని చప్పుడు వినపడుతోందంటే...” వాక్యం పూర్తి చేయలేదు. నా క్లాసులో అయితే పూర్తి చేయించేదాన్ని.

ఈ రోజు నాకు కొంచెం భయం వేసింది. రాసి పెడుతున్నాను.

మార్చి 12, గురువారం

నియమాలన్నీ రద్దు.

మధ్యాహ్నం 2:00. కారును సెవెరో మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్ళాను. యూఫ్రోనియా వచ్చింది. పాస్కువాలా దుకాణం మూసి మరీ వచ్చింది. ఎందుకని అడిగితే ఎలుక బయటపడే క్షణం తను లేకపోతే బాగోదంది. మందుల షాపు అమ్మాయి కూడా ఎక్కింది.

మేస్త్రీ రెండు గంటల్లో తొమ్మిది కారణాలు పరీక్షించాడు. చక్రం ఊడదీశాడు. బెల్టు తడిమాడు. ఇంజను మీద చెక్కపేడు ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని విన్నాడు.

“టీచరమ్మా, ఈ ఇంజను నాకంటే ఆరోగ్యంగా ఉంది.”

“అది పెద్ద గొప్పేం కాదు” అంది యూఫ్రోనియా. అతని దగ్గు ఆమె మూడేళ్ళుగా వింటోంది.

4:10. వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల షెడ్డు కింద ఒకరి మాట ఒకరికి వినపడక అందరం కారులో దూరి తలుపులు వేసుకున్నాం. అయిదుగురం, పాస్కువాలా రొట్టెల బుట్ట. అద్దాలన్నీ ఆవిరి పట్టేశాయి.

వడగళ్ళు ఆగాక యూఫ్రోనియా, “కాళ్ళు మంచుగడ్డలైపోయాయి వదినా, కాస్త వేడి వదులు” అంటూ తనే మీట తిప్పింది.

టకటకటకటకటక.

యూఫ్రోనియా మీట ఆపింది. నిశ్శబ్దం. తిప్పింది. టకటకటక. వేగం పెంచింది. టటటటటటట. ఆపింది.

“మళ్ళీ” అన్నాను.

“నన్ను తిప్పనియ్యి” అని పాస్కువాలా వెనక నుంచి చెయ్యి చాచింది. తర్వాత మందుల షాపు అమ్మాయి తిప్పింది. తర్వాత అందరం వంతులవారీగా. మేస్త్రీ కూడా రెండుసార్లు తిప్పాడు, అవసరం లేకపోయినా. నవ్వుతో కారు ఊగింది. యూఫ్రోనియా నా మెడ పట్టుకుని, “నీ బుర్ర గట్టిదే వదినా, గట్టిదే” అంటోంది. నాకు కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. ఆవిరి వల్ల.

నలుగురు సాక్షులు. పేర్లు రాసి సంతకాలు తీసుకున్నాను.

కారెక్కగానే సీటు బెల్టు, అద్దం, వేడిగాలి. ఏడు నెలలుగా పొద్దున్నే ఈ వరుస నా చెయ్యి చేస్తోంది, బుర్ర గమనించలేదు. చలి ఎక్కువైతే మీట ఎక్కువ తిప్పుతాను, శబ్దమూ ఎక్కువ. మధ్యాహ్నం తిప్పను. లింబెర్ట్ ఎప్పుడూ తిప్పడు. ఆదివారం అతను మీట ఆపాడని నేనే రాసుకున్నాను. రాసి, చదవలేదు.

మేస్త్రీ ముందు సీటుకు ఎదురుగా, ఎడమచేతి వైపున్న సామాన్ల పెట్టె ఊడదీసి, దాని వెనకున్న గాలిపంకా బయటికి తీశాడు. కాదు, కుడిచేతి పెట్టె. సంతోషంలో తప్పు రాశాను. “ఇక్కడో జల్లెడ ఉండాలి. ఈ రకానికి విడిగా కొనుక్కోవాలి” అంటూ పంకాను వార్తాపత్రిక మీద బోర్లించాడు.

శనగగింజలంత గులాబీ, తెలుపు రంగు గుళ్ళు రాలాయి. పదకొండు.

పాస్కువాలా ఒకటి నోట్లో వేసుకుంది. “సోంపు మిఠాయి. ఎలుక దాచుకుంది.”

“ఎవరో చల్లి ఉంటారు” అన్నాడు మేస్త్రీ. “మీకేమైనా తెలుసా టీచరమ్మా?”

“నాకేం తెలుసు?” అన్నాను.

మార్చి 13, శుక్రవారం

నిన్న అబద్ధమాడాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కార్నివాల్ మంగళవారం ప్రతి బండికీ రంగుకాగితాల దండ వేసి, బానెట్ ఎత్తి, పచమామకు ఇంత, బండికి ఇంత అని బీరు చల్లుతారు, రంగుకాగితాల ముక్కలు చల్లుతారు, మిఠాయి చల్లుతారు. బీరులో ఆమ్లం ఉంటుంది, చక్కెర ఉంటుంది, తీగలకు మంచిది కాదు. లింబెర్ట్ సీసాను వెనక్కి పంపింది అందుకే. సరైన పనే చేశాను.

మర్నాడు పొద్దున వీధిలో ఎవరూ లేరు. వరుసగా దండలు వేసుకున్న కార్లు. నాది ఒక్కటే బోడిగా ఉంది. ఇంట్లోంచి పావుకిలో సోంపు మిఠాయి తెచ్చి దాని మీద చల్లాను. పొడి పదార్థం, హాని లేదు అని లెక్క వేశాను. ముందు అద్దం కింద గాలి పోయే చీలికలు లెక్కలోకి రాలేదు.

నమ్మకం ఉందా అంటే లేదు. చల్లకుండా ఉండగలిగానా అంటే అదీ లేదు.

శబ్దం నిజం. కారణం నేను.

మార్చి 14, శనివారం

చెప్పడానికి శనివారం అనువైన రోజు కాదు.

మార్చి 15, ఆదివారం

12:50. సూప్ వడ్డించి, అందరి ముందూ నిలబడి చెప్పాను. సాక్షుల సంతకాలు చూపించాను. పదకొండు మిఠాయిల్లో మిగిలిన పదీ చిన్న గిన్నెలో పెట్టి చూపించాను.

మొదట నిల్దా నవ్వింది. తర్వాత లింబెర్ట్‌కు పొలమారింది.

“రసాయనశాస్త్రం,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “బీరు పోస్తే తీగలు పోతాయట. అందుకని బండికి మిఠాయి తినిపించారు.”

“అమ్మమ్మా, కారుకి పళ్ళు పుచ్చిపోతాయా?” అంది దానిత్సా.

నిల్దా లేచి వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. “తాళాలు నీవేనమ్మా. మిఠాయి డబ్బా మాత్రం నాకిచ్చెయ్.”

అక్కడితో ఆగవలసింది. కానీ ప్రయోగం చూపించనిదే నాకు తృప్తి ఉండదు. అందరినీ కారు దగ్గరికి తీసుకెళ్ళాను. లింబెర్ట్‌ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఒక్క మిఠాయి అద్దం కింది చీలికలోంచి గాలిపంకాలోకి వేసి, మీట తిప్పాను.

టకటకటక. నిల్దా ఉలిక్కిపడింది. దానిత్సా చెవులు మూసుకుంది.

లింబెర్ట్ వాళ్ళిద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత తల ఊపాడు. “ఆఁ, అవునవును. భలే గట్టిగా ఉందే.”

ముప్పై ఒక్క ఏళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగినదాన్ని. పక్కపిల్ల కాగితం చూసి జవాబు రాసే పిల్ల ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీట ఆపేశాను. “సూప్ చల్లారిపోతోంది” అన్నాను.

మార్చి 16, సోమవారం

ఉదయం 5:45. 4 డిగ్రీలు. గడువు రోజు. నా కారు విషయంలో రాయడానికి ఏమీ లేదు.

గుమ్మం ముందు లింబెర్ట్ మినీబస్సు, ఇంజను నడుస్తూనే ఉంది. అతను ఒక్కడే దిగాడు. టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. వీధి వైపు చూస్తూ మాట్లాడాడు.

“మూడో వరుసలో రోజూ కూర్చునే ఆవిడ అంటోంది అత్తయ్యా, వెనకెక్కడో ఏదో కూస్తోందంట. నిన్న ఇంకొకాయన కూడా అన్నాడు. నేను చూశా. నాకైతే...” ఆగాడు. “మీరొకసారి కూర్చుంటారా? నిల్దాకి చెప్పొద్దు.”

“కాగితం మీద డాక్టరమ్మ ఏం రాసింది?”

“మిషన్ పెట్టుకోమంది. బస్సు డ్రైవరు చెవికి మిషనేంటి అత్తయ్యా, మావాళ్ళు బతకనిస్తారా?”

శాలువా తెచ్చుకున్నాను. పెన్సిళ్ళు మూడు చెక్కాను. కొత్త పేజీ.

వాహనం: మినీబస్సు. వయసు పదకొండేళ్ళు. నియమాలు:

1. రోజుకు ఒక్క కారణమే పరీక్షించాలి.
2. ఎవరి అభిప్రాయమూ అడగకూడదు.
3. ఋజువు లేకుండా ఎవరి మీదా నింద వేయకూడదు.
4. ఈ నెలాఖరులోపు లింబెర్ట్ చెవికి మిషన్ పెట్టించాలి. (అతనికి ఇంకా చెప్పలేదు. నిల్దాకు ఈ రోజే చెబుతాను.)

6:05. మూడో వరుస, కిటికీ పక్కన. కూత ఉంది. సన్నగా, ఎడమ వెనక నుంచి, బ్రేకు వేసినప్పుడల్లా. 6:12కి ఎక్కిన ఉల్లిపాయల ఆవిడ బేరింగు అంది. ఆమె వెనకాయన కాదు, రేకు అన్నాడు. ఎందుకని అనుకుంటున్నారని అడిగాను. నియమం 2 నిలిచింది ఏడు నిమిషాలు.

ఎర్రదీపం దగ్గర లింబెర్ట్ పూర్తిగా వెనక్కి తిరిగాడు.

“వినపడిందా అత్తయ్యా?”

“నువ్వు ముందుకు చూసి నడుపు. వినే పని నాది.”